కరీంనగరపు కత్తివీరుఁడు

స్వల్పవ్యయముతో నిర్మితమైన పోరాటచిత్రమును గంభీరనాటకమునకు వాడు కొలమానముతోఁ గొలిచి, కథ పలుచనిదనియు, పాత్రపోషణము లేదనియుఁ దీర్పు చెప్పుట మన విమర్శకులకుఁ బరిపాటి. అది యన్యాయమని నా యభిప్రాయము. 1909లో కరీంనగరమున జన్మించి, నిజాం కళాశాలలోఁ జదివి, 1929లో బొంబాయి మూకీలలో నడుగిడిన పైడి జైరాజ్‌ను తలఁచుకొనుఁడు. మాటలేని తెరపై గుఱ్ఱపుస్వారియు, కత్తిసామును, దేహదార్ఢ్యమునే నటుని వాక్కు. నేలతరగతి ప్రేక్షకుఁడు కోరినదియు నదియే.

1935లో ‘హంటర్‌వాలీ’ తీసి సాహసచిత్రములకుఁ బేరు తెచ్చిన హోమీ వాడియా, 1956లో తన ‘హాతిమ్‌తాయ్’కి నాయకునిగా నీ కరీంనగరవాసినే యెంచుకొనెను. అందు శిలయైన యక్షకన్యను విడిపింప నేడు ప్రశ్నలకు సమాధానములు వెదకుచు నాయకుఁడు గండము వెంట గండము దాఁటును. రాఁబోవు గండము గడచినదానికన్న వింతయైనదా, కత్తి దూసిన చేయి నమ్మఁదగినదా యన్నవే యిచట నడుగవలసిన ప్రశ్నలు. (మనస్తత్త్వచిత్రణము, పాపము, అచట నెవరికిఁ గావలెను?) ఆ పరీక్షలో జైరాజ్ నిలిచినాఁడు. 1980వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కార మాయనకే లభించినది.