ప్రదర్శనగా శిక్ష, వినోదంగా జీవితం: కోయిలకుంట్ల నుంచి రియాలిటీ షో వరకు

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తర్వాత మీరు:
• పాలకులు శిక్షను బహిరంగ ప్రదర్శనగా ఎందుకు మార్చారో వివరించగలుగుతారు.
• రియాలిటీ షోల ఆవిర్భావాన్ని, వాటిని విమర్శించిన యువజన నవలను చారిత్రక నేపథ్యంలో పరిశీలించగలుగుతారు.
• ఒక ప్రాంతాన్ని తెర ఎలా చిత్రిస్తుందో ప్రశ్నించగలుగుతారు.

1. పరిచయం

చరిత్ర అనగానే యుద్ధాలు, రాజవంశాలు, ఒప్పందాలు గుర్తుకు వస్తాయి. అయితే జనం ఏమి చూశారు, వారికి దానిని ఎవరు చూపించారు, ఎందుకు చూపించారు అనేవి కూడా చరిత్రకారుని ప్రశ్నలే. ఇప్పటి నంద్యాల జిల్లాలోని కొలిమిగుండ్ల పరిసరాలు ఈ ప్రశ్నలకు మంచి ఉదాహరణను అందిస్తాయి.

2. కోయిలకుంట్ల, 1847

కొలిమిగుండ్లకు సమీపంలోని నొస్సం ఒకప్పటి పాలెగాళ్ల స్థానం. ఆ వంశానికి దౌహిత్రుడైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఈస్టిండియా కంపెనీ ఇచ్చే కొద్దిపాటి భరణంతో జీవించేవాడు. పాలెగాళ్ల భరణాలు, గ్రామసేవకుల మాన్యాల విషయంలో కంపెనీ అనుసరించిన విధానం తీవ్రమైన అసంతృప్తికి కారణమైంది. 1846 జులైలో ఆయన అనుచరులతో కోయిలకుంట్ల ఖజానాపై దాడి చేశాడు. అదే సంవత్సరం అక్టోబరులో పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో జనసమూహం ఎదుట ఆయనను ఉరితీశారు.

శిక్ష అంతటితో ముగియలేదు. ఆయన తలను కోయిలకుంట్ల కోటలో 1877 వరకు, అంటే 30 ఏళ్ల పాటు, అందరికీ కనిపించేలా వేలాడదీశారు. మరణించిన వ్యక్తికి దీనివల్ల కలిగే బాధ ఏమీ లేదు. కాబట్టి ఈ శిక్ష గురి అతడు కాదు, చూసేవారు. సంతకు వచ్చే రైతు, కచేరీకి వచ్చే రెడ్డి, కరణం ఆ దృశ్యాన్ని చూసి భయపడాలన్నదే దాని ఉద్దేశం. ఇంగ్లండులోనూ బహిరంగ ఉరిశిక్షలను చట్టం ద్వారా నిలిపివేసింది 1868లోనే అని ఇక్కడ గమనించాలి.

3. భయం నుంచి వినోదానికి

ఇరవయ్యో శతాబ్ది చివరినాటికి మరొక రకమైన ప్రదర్శన వచ్చింది. 1999లో నెదర్లాండ్స్‌లో ‘బిగ్ బ్రదర్’ కార్యక్రమం ప్రారంభమైంది. ఆ పేరు జార్జ్ ఆర్వెల్ 1949లో ప్రచురించిన ‘1984’ నవల నుంచి వచ్చింది. నవలలో పౌరులను నిరంతరం గమనించే నియంతకు గుర్తు అయిన పేరు, టెలివిజనులో వినోదానికి పేరు అయింది. ఈ నమూనా 2006లో హిందీలోకి, 2017లో స్టార్ మా ఛానల్ ద్వారా తెలుగులోకి ‘బిగ్ బాస్’గా వచ్చింది. కెమెరాలు అమర్చిన ఇంట్లో కొందరు నివసించడం, ప్రేక్షకుల ఓట్లను బట్టి ఒక్కొక్కరు బయటికి వెళ్లడం దీని పద్ధతి.

ఇటువంటి వినోదంపై వచ్చిన బలమైన విమర్శ ఒక యువజన నవల రూపంలో వెలువడింది. అమెరికన్ రచయిత్రి సుజాన్ కాలిన్స్ ‘ది హంగర్ గేమ్స్’ను 2008లో ప్రచురించారు. టెలివిజనులో ఛానళ్లు మారుస్తూ ఒకచోట యువతీయువకుల పోటీ కార్యక్రమాన్ని, మరొకచోట ఇరాక్ యుద్ధ దృశ్యాలను చూసినప్పుడు ఈ ఆలోచన కలిగిందని ఆమె చెప్పారు. కథలోని దేశం పేరు ‘పానెం’. ప్రజలకు రొట్టె, వినోదం ఇస్తే చాలు, వారు అధికారాన్ని ప్రశ్నించరన్న రోమన్ కవి జువెనాల్ వ్యంగ్యం నుంచి ఈ పేరు వచ్చింది.

పూర్వం చేసిన తిరుగుబాటుకు శిక్షగా పానెంలోని 12 జిల్లాల నుంచి ఏటా 24 మంది పిల్లలను ఎంపిక చేస్తారు. వారి వయస్సు 12 నుంచి 18 సంవత్సరాలు. ఒక్కరు మిగిలే వరకు వారు ఒకరినొకరు చంపుకోవాలి. దానిని దేశమంతా తప్పనిసరిగా చూడాలి. రాజధాని వాసులకు అది పండుగ, జిల్లాల వారికి హెచ్చరిక. కోయిలకుంట్ల కోటలోని దృశ్యానికీ ఈ ఆటకూ ఉన్న పోలిక ఇదే: తిరుగుబాటును మరచిపోనివ్వకుండా, దాని ఫలితాన్ని పదేపదే చూపించడం.

అయితే ఈ పోలికకు హద్దులున్నాయి. రియాలిటీ షోలో పాల్గొనేవారు ఒప్పందంపై, ఇష్టపూర్వకంగా వస్తారు. నవలలోని పిల్లలకు, ఉరికంబం ఎక్కినవారికి ఆ అవకాశం లేదు. వీటిని ఒకటిగా చూడడం పొరపాటు.

4. చూసేవారి స్వాతంత్ర్యం

ప్రదర్శన ఏర్పాటు చేసినవారు ఆశించిన అర్థాన్నే ప్రేక్షకులు గ్రహిస్తారా? నవలలో కథానాయిక కాట్నిస్, చనిపోయిన చిన్నారి రూ శరీరాన్ని పూలతో అలంకరిస్తుంది. వినోదం కావలసిన మరణం సంతాపంగా మారుతుంది. రూ స్వస్థలమైన జిల్లా ప్రజలు కృతజ్ఞతగా కాట్నిస్‌కు రొట్టె పంపుతారు.

రాయలసీమలోనూ ఇటువంటిదే జరిగింది. భయం పుట్టించడానికి వేలాడదీసిన తల భయాన్ని మాత్రమే మిగల్చలేదు. నరసింహారెడ్డి కథ జానపద గేయాలలో వీరగాథగా నిలిచింది. 2019లో ‘సైరా నరసింహారెడ్డి’ చలనచిత్రంగానూ వచ్చింది. శిక్ష ఒకరు రాసినా, జ్ఞాపకం మరొకరు రాసుకున్నారు.

5. తెరపై మన ప్రాంతం

ఈ చర్చ ఈ ప్రాంత విద్యార్థులకు మరింత దగ్గరిది. ‘సమరసింహారెడ్డి’ (1999), ‘ఇంద్ర’ (2002) వంటి చిత్రాల విజయం తర్వాత రాయలసీమ అంటే కత్తులు, బాంబులు, పేలే సుమోలు అన్న చిత్రణ స్థిరపడింది. ముఠా కక్షలు ఇక్కడ నిజంగా ప్రాణాలు తీశాయి, కుటుంబాలను చెదరగొట్టాయి. దానిని దాచవలసిన అవసరం లేదు. కానీ తెర ఆ దుఃఖాన్ని ఉత్సాహంగా మార్చి, మిగతా జీవితాన్ని విస్మరించింది. కొలిమిగుండ్ల నాపరాయి గనులలో ఎండకు పనిచేసే కూలీ, వాన కోసం ఎదురుచూసే రైతు, బెలుం గుహల వద్ద చిరువ్యాపారి ఆ కథలలో కనిపించరు. రాజధాని వాసులు జిల్లాలను చూసిన తీరుకు ఇది దూరం కాదు.

6. సారాంశం

ప్రదర్శన అధికారానికి పాత సాధనం. కోట గోడ నుంచి టెలివిజను తెర వరకు దాని రూపం మారింది. ఏ ప్రదర్శన ఎదురైనా మూడు ప్రశ్నలు వేసుకోండి: దీనిని ఎవరు ఏర్పాటు చేశారు? ఎవరిని చూపిస్తున్నారు? నేను ఏమి అనుభూతి చెందాలని ఆశిస్తున్నారు? మూడవ ప్రశ్నకు సమాధానం తెలిసిన ప్రేక్షకుడు కేవలం ప్రేక్షకుడుగా మిగలడు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. నరసింహారెడ్డి తలను 30 ఏళ్లు ప్రదర్శించడంలోని ఉద్దేశాన్ని, అది ఎంతవరకు నెరవేరిందో చర్చించండి.
2. ‘ది హంగర్ గేమ్స్’ రియాలిటీ వినోదాన్ని ఏ విధంగా విమర్శించింది?
3. మీ ఊరిని తెరపై చూపిన ఒక సందర్భాన్ని తీసుకొని, అందులో కనిపించినవి, కనిపించనివి పది వాక్యాలలో రాయండి.