గాజు పలకలపై స్థానిక చరిత్ర: హోల్టర్‌మన్ ఛాయాచిత్ర సేకరణ

ఉపోద్ఘాతం

స్థానిక చరిత్ర రచనకు ప్రభుత్వ పత్రాలు, వార్తాపత్రికలు ప్రధాన ఆధారాలు. అయితే సామాన్యుల ఇల్లు, అంగడి, వేషధారణ వాటిలో అరుదుగా కనిపిస్తాయి. ఆ లోటును గ్రంథాలయాల్లోని ఛాయాచిత్రాలు కొంతవరకు పూరిస్తాయి. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర గ్రంథాలయం భద్రపరచిన హోల్టర్‌మన్ సేకరణ ఇందుకు మంచి నిదర్శనం.

సేకరణ నేపథ్యం

జర్మనీ నుండి వలస వచ్చిన బెర్న్‌హార్ట్ హోల్టర్‌మన్ హిల్ ఎండ్‌లోని ఒక బంగారు గనిలో భాగస్వామి. 1872 అక్టోబరు 19న ఆ గనిలో బంగారంతో కూడిన 286 కిలోల రాతిఖండం బయటపడింది. అప్పటికే హిల్ ఎండ్, గుల్గాంగ్ పట్టణాల్లో ఇళ్లను, దుకాణాలను చిత్రిస్తున్న బోఫాయ్ మెర్లిన్, చార్లెస్ బేలిస్‌లకు హోల్టర్‌మన్ పోషకుడయ్యాడు. 1873లో మెర్లిన్ మరణించగా బేలిస్ ఆ కృషిని కొనసాగించాడు. రసాయనపు పూత తడి ఆరకముందే చిత్రం తీసి, కడగవలసిన కాలమది. కనుక చీకటిగది సరంజామా కూడా వారి వెంటే సాగేది.

తరువాత ఈ గాజు పలకలు మరుగున పడ్డాయి. 1951లో సిడ్నీ శివారు చాట్స్‌వుడ్‌లో ఒక పెరటి కొట్టులో దాదాపు 3,500 పలకలు వెలుగుచూశాయి. 1952లో అవి మిచెల్ గ్రంథాలయానికి చేరాయి. 2013లో యునెస్కో ప్రపంచ స్మృతి ఆస్ట్రేలియా జాబితాలో వాటికి చోటు దక్కింది.

సాక్ష్యం - పరిమితులు

డిజిటల్ ప్రతులను పెద్దవి చేసి చూస్తే అంగడి పలకల మీది అక్షరాలు, కిటికీలోని సరుకులు, గడపలో నిలిచిన పిల్లల బట్టలు సైతం స్పష్టమవుతాయి. ఇవి జనాభా లెక్కలకు అందని వివరాలు. అయితే ఛాయాచిత్రాన్ని యథాతథంగా నమ్మరాదు. హోల్టర్‌మన్ ఆ రాతిఖండం పక్కన నిలిచినట్లున్న ప్రసిద్ధ చిత్రం వేర్వేరు చిత్రాలను అతికించి కూర్చినది. పైగా ఇళ్ల చిత్రాలు ఆ ఇంటివారికే అమ్మేందుకు తీసినవి. కాబట్టి ఇల్లో, అంగడో ఉన్నవారే వాటిలో ముందు వరుసలో నిలుస్తారు. ఆ నేల తరతరాలుగా విరాడ్జురీ ఆదివాసులది. బంగారు పట్టణపు అంగళ్ల వరుస ఆ సంగతి చెప్పదు.

ముగింపు

ఛాయాచిత్రం ఏమి చూపుతున్నదో, ఎవరి కోసం తీయబడినదో, ఎవరిని వదిలివేసినదో కలిపి పరిశీలించినప్పుడే అది చరిత్రకు ఆధారమవుతుంది. ఒక పెరటి కొట్టులో మిగిలిన గాజు పలకలు రెండు పట్టణాల నిత్యజీవితాన్ని నిలిపాయి. వాటిని దాచడంతోపాటు ప్రశ్నించే అవకాశాన్ని కూడా పాఠకులకు అందించడం గ్రంథాలయాల బాధ్యత.