రేగడి సీమలో ఊళ్ల కథ

తుంగభద్రకు దక్షిణాన ఆదోని, ఎమ్మిగనూరు సీమ చాలావరకు చదునైన నేల. నల్లరేగడి చేలు, వాటి మధ్య గండశిలల గుట్టలు, గుట్టల చుట్టూ ఎర్రనేల. ఇక్కడ ఊరు ఎక్కడ వెలిసినా, ఎప్పుడు చెదిరినా కారణం నీళ్లే.

రేగడి పదును పట్టి ఉంచుతుంది. వాన వెనకబడినా జొన్న, పత్తి గట్టెక్కుతాయి. కానీ ఎండకు ఆ నేల నోళ్లు తెరిస్తే గోడలు బీటలు వారతాయి. పాత ఇళ్లు రాతిగోడల చౌడు మిద్దెలు. వానాకాలం ముందు పైకప్పు మీద కొత్త చౌడు పరిచేవారు. పండిన జొన్నలను పాతరలో పోసి, కరువు నాటికి దాచుకునేవారు.

ఈ పంటలు పండే సీమలోని ఆదోని కోటపై అందరి కన్నూ పడింది. విజయనగరం పతనమయ్యాక అది బిజాపూరు చేతికి వెళ్లింది, 1688లో ఔరంగజేబు సేనలకు చిక్కింది. 1786లో టిప్పు సుల్తాన్ దాన్ని ముట్టడించి పట్టుకున్నాడు. 1800లో నిజాం ఈ సీమను ఇంగ్లీషు వారికి దత్తం చేశాక, థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి రైతువారీ శిస్తుకు పునాది వేశాడు.

1871 నాటికి మద్రాసు–రాయచూరు రైలుమార్గం పూర్తయింది. పత్తి బేళ్లు దూరప్రాంతాలకు తరలాయి, ఆదోని పెద్ద పత్తి మార్కెట్టుగా ఎదిగింది. అయిదేళ్లకే 1876–78 కరువు వచ్చి బళ్లారి జిల్లాను ఊడ్చేసింది. ఆదోని అప్పుడు ఆ జిల్లాలోనిదే. రైలు పత్తికి దారి చూపింది గానీ చేనికి నీరు తేలేదు.

ఎమ్మిగనూరుది మగ్గాల దారి. 1938లో మాచాని సోమప్ప స్థాపించిన చేనేత సహకార సంఘం వానతో నిమిత్తం లేని పని కల్పించింది, ఊరు పట్టణమైంది. 1953లో ఆదోని, ఆలూరు తాలూకాలు ఆంధ్రలోని కర్నూలు జిల్లాలో కలిశాయి. తుంగభద్ర ఆనకట్ట దిగువ కాలువ పశ్చిమ కర్నూలుకు చేరి, లక్షన్నర ఎకరాలకు పైగా ఆయకట్టు ఏర్పడింది. కాలువ పక్క ఊళ్లలో వరిమళ్లు పచ్చబడ్డాయి.

అయినా చివరి ఆయకట్టుకు నీరందదు. ఎగువన పూడిక, నీటి వాడకం కలిసి వాటాను కుంగదీశాయి. అందుకే కోసిగి, మంత్రాలయం వైపు కుటుంబాలు ఏటా మిరపకోతలకు గుంటూరు వలస పోతున్నాయి. తాళం వేసిన ఇళ్లు, ముసలివాళ్లు మాత్రమే ఊళ్లో మిగులుతారు. నేలలో లోపం లేదు. కాలువ చివరి తూము దాకా వాటా నీరు పారించి, చెరువుల పూడిక తీస్తే ఈ ఊళ్లు తమ పంటతోనే బతకగలవు. ఆ పని ప్రభుత్వానిది, ఇక ఆలస్యం తగదు.