హంగేరియన్ రచయిత్రుల కథాసాహిత్యం: తాను, తనవాళ్ళు

హంగేరీలోనూ మనలాగే ఇంటిపేరు ముందు వస్తుంది. పెళ్ళయిన స్త్రీని మాత్రం భర్త పూర్తి పేరు చివర ‘నే’ చేర్చి పిలవడం ఆచారంగా ఉండేది. కన్నవాళ్ళు పెట్టిన పేరుకు అందులో చోటుండేది కాదు. ఆ దేశపు రచయిత్రుల నవలల్లో స్త్రీ తానెవరో తేల్చుకోవడం ఇంటితో, వర్గంతో, మతంతో పేచీగా సాగడంలో వింత లేదు.

ఈ పేచీని నవలగా మలిచిన తొలి పెద్ద రచయిత్రి మార్గిత్ కాఫ్కా (1880–1918). పంతులమ్మగా పనిచేసింది, 1908లో మొదలైన ‘న్యుగత్’ సాహిత్య పత్రికకు రాసింది. ‘రంగులు, ఏళ్ళు’ (1912) నవలలో మగ్దా పోర్తెల్కి యాభై ఏళ్ళ వయసు దగ్గర తన గతం చెప్పుకుంటుంది. చితికిపోతున్న కులీన వర్గం ఆమెకు పెళ్ళి తప్ప మరో బతుకుతెరువు నేర్పలేదు. మొదటి భర్త రాజకీయంగా దెబ్బతిని ఆత్మహత్య చేసుకుంటే మళ్ళీ పెళ్ళే గతి అవుతుంది. కూతుళ్ళను మాత్రం చదివిస్తుంది. ‘చీమలపుట్ట’ (1917)లో కాన్వెంటు కన్యాస్త్రీల ముఠా తగాదాలున్నాయి. కాఫ్కా స్పానిష్ ఫ్లూతో చనిపోయింది. అదే జబ్బు కొడుకునూ తీసుకుపోయింది.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత 1920 ట్రియానాన్ ఒప్పందంతో హంగేరీ మూడింట రెండు వంతుల నేల పోగొట్టుకుంది. ఆ రోజుల్లో రచయిత్రి సెసిల్ తోర్మాయ్ స్త్రీలను జాతీయవాదం కింద కూడగట్టింది. ఆమె రాతల్లోని యూదు ద్వేషాన్ని దాటవేసి చదవడం కుదరదు. పారిస్‌కు వలసపోయిన హంగేరియన్ కుటుంబం కథను యొలాన్ ఫొల్దెష్ 1936లో రాసింది.

మగ్దా సాబో (1917–2007)కు కమ్యూనిస్టు పాలన కింద 1949లో బౌమ్‌గార్టెన్ సాహిత్య బహుమతి ఇచ్చి, అదే రోజు వెనక్కి తీసుకున్నారు. మంత్రిత్వ శాఖలో ఉద్యోగం పోయింది. తొలి నవల ‘ఫ్రెస్కో’ 1958లో గాని రాలేదు. ‘తలుపు’ (1987)లో పనిమనిషి ఎమెరెన్స్ చర్చికీ చెందదు, కమ్యూనిస్టు పార్టీకీ చెందదు. యుద్ధకాలంలో ప్రాణభయంతో వచ్చినవాళ్ళను ఏ పక్షమని అడగకుండా దాచింది. తన గడప మాత్రం ఎవరినీ తొక్కనివ్వదు. ఆమె జబ్బుపడినప్పుడు యజమానురాలైన రచయిత్రి మేలు చేయబోయి ఆ తలుపు తెరిపిస్తుంది; నవలలో ద్రోహం అదే. ఏ గుంపులోనూ చేరని మనిషిని ఇంత నిబ్బరంగా నిలబెట్టిన హంగేరియన్ నవల మరొకటి లేదనిపిస్తుంది.

ఎర్జెబెత్ గల్గోత్సి 1980లో, 1956 సోవియట్ వ్యతిరేక తిరుగుబాటు తర్వాతి రోజుల్లో స్త్రీని ప్రేమించిన ఒక పాత్రికేయురాలి కథ రాసింది. ఆమె సరిహద్దు దాటబోతూ తుపాకీ గుండుకు బలవుతుంది. 1956లో స్విట్జర్లాండుకు వెళ్ళిపోయిన అగోతా క్రిస్తోఫ్ ఫ్రెంచిలో రాసిన ‘పెద్ద నోటుపుస్తకం’ (1986)లో కవలలు ఎప్పుడూ ‘మేము’ అనే మాట్లాడతారు. మగవాళ్ళు స్త్రీ గొంతు అరువు తెచ్చుకున్నదీ ఈ కాలంలోనే: కవి వొరెష్ 1972లో, నవలాకారుడు ఎస్తర్‌హాజి 1987లో.

తర్వాతి తరంలో క్రిస్తినా తోత్ ‘బార్‌కోడ్’ (2006)లో సోషలిస్టు రోజుల బాల్యాన్ని పదిహేను కథల్లో రాసింది. రొమేనియాలోని క్లుజ్‌లో పుట్టిన ఆండ్రెయా తోంపా 2010 నాటి తొలి నవలలో నియంత చౌషెస్కు పాలన కింది హంగేరియన్ మైనారిటీ అమ్మాయిని కథానాయికను చేసింది.