ఓడలో వచ్చిన నీళ్ళు, కుండీలో కరివేపాకు

కువైట్ వచ్చిన కొత్తలో, జూన్ నెలలో, బాల్కనీలో కరివేపాకు మొక్క నాటాను. మన వైపు తొలకరికే కదా మొక్కలు పెట్టేది! పదకొండు రోజులకల్లా అది ఎండి, చేత్తో నలిపితే పొడైపోయింది. మా వీధిలో ఓ విల్లా తోట చూసే రాజంపేట ఆయన అది చూసి నవ్వాడు.

"ఏం సార్, జూన్ అంటే తొలకరి అనుకుంటిరా? ఈడ తొలకరి నవంబర్లో!"

ప్రోగ్రాం పనిచెయ్యకపోతే లాగ్ ఫైల్ చూడటం నా ఉద్యోగధర్మం. ఊరికి లాగ్ ఫైల్ అంటే చరిత్రే కదా అని తిరగేశాను. తోటల కథ కోసం వెతికితే నీళ్ళ కథ దొరికింది.

కువైట్‌లో నది లేదు. ఏడాదంతా కలిపి కురిసేది సుమారు 110 మిల్లీమీటర్లు. మన కోస్తాలో గట్టి వాయుగుండం పడితే ఒక్కరోజులో కురిసే వాన అది! పూర్వం ఊరంతా బావుల మీదే బతికింది. జనం పెరిగి అవి చాలక, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో షత్ అల్ అరబ్ నది నుంచి చెక్క ఓడల్లో మంచినీళ్ళు తెచ్చుకున్నారు. 1939లో అందుకోసం ఒక కంపెనీయే పెట్టారు. అలా కొనుక్కున్న నీళ్ళు తాగడానికే పొదుపుగా వాడుకోవాలి. ఇక పూలమొక్కకి పోసేదెవరు?

1953లో షువైఖ్‌లో సముద్రపు నీటి నుంచి రోజుకు పది లక్షల గాలన్ల మంచినీరు తీసే ప్లాంట్ మొదలైంది. ఊరు పచ్చబడటం ఆ తర్వాతే. 1920లో శత్రుభయంతో ఊరి చుట్టూ కట్టిన మట్టిగోడని 1957లో పడగొట్టారు. ద్వారాలు మాత్రం ఉంచి, గోడ జాడ వెంట పచ్చని పట్టీ పెంచారు. 2015లో తెరిచిన అల్ షహీద్ పార్క్ ఆ పట్టీలోదే.

అలాగని ఎడారి గొడ్డుదనుకోకండి. 1929లో భర్త ఉద్యోగరీత్యా ఇక్కడికొచ్చిన వయొలెట్ డిక్సన్ అనే ఆంగ్ల మహిళ, ఎడారి పూలని ఏరి, అరబ్బీ పేర్లు అడిగి తెలుసుకుని, 1955లో పుస్తకమే వేసింది. చలికాలం వాన పడితే చాలు, ఇసుకలో పసుపుపచ్చని అర్ఫజ్ పూస్తుంది. అదే ఇక్కడి జాతీయపుష్పం. దానికి తోటమాలి అక్కర్లేదు.

మనం నాటినవాటికి మాత్రం చెయ్యి కావాలి. 1990లో ఇరాక్ దాడి తర్వాత పరదేశి పనివాళ్ళు లక్షల్లో వెళ్ళిపోయారు. నీళ్ళు పోసే దిక్కులేక ఊళ్ళో ఎన్నో చెట్లు ఎండిపోయాయి. ఇక్కడ చెట్టు వేరు మీద కాదు, మనిషి మీద నిలబడుతుంది.

ఆ మనుషుల్లో మన కడప, కోనసీమల వాళ్ళూ ఉన్నారు. "మా చేన్లో బోరుకు నీళ్ళు పడింటే ఈడికెందుకొస్తును సార్?" అన్నాడొకసారి రాజంపేట ఆయన, పైపు పట్టుకుని లాన్ తడుపుతూ. నీళ్ళు లేక ఊరొదిలిన రైతు, నదే లేని దేశంలో పచ్చిక పెంచుతున్నాడు! ఏమనాలో తెలియక ఊరుకున్నాను.

ఆయన నేర్పిన పాఠాలు మీకూ చెప్తాను. కరివేపాకు నవంబర్లో పెట్టండి, వేసవికల్లా వేరు పట్టుకుంటుంది. గోంగూర విత్తనాలు ఫిబ్రవరి చివర చల్లండి. తోటల కోసం వేరే పైపులో వచ్చే ఉప్పునీళ్ళు ఖర్జూరానికీ, మన రేగుకి చుట్టమైన సిద్ర్ చెట్టుకీ సరే. కరివేపాకుకి మాత్రం మంచినీళ్ళే, అదీ తెల్లారకముందే. అప్పుడప్పుడు కుండీ అడుగునుంచి కారేదాకా పోస్తే పేరుకున్న ఉప్పు కడుక్కుపోతుంది. నల్లకుండీ వద్దు, వేళ్ళు ఉడుకుతాయి. మే నెల నుంచి నీడవల కట్టండి. 2016 జులైలో ఇక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. ఆ ఎండకి మీరు నిలబడలేరు, మొక్కెలా నిలబడుతుంది?

నా రెండో కరివేపాకు ఇప్పుడు భుజం దాటింది. సెలవుకి ఇండియా వెళ్ళేటప్పుడు ఇంటి తాళంచెవి రాజంపేట ఆయనకే ఇస్తాను. ఆయన సెలవుకి వెళ్తే విల్లా గేటు పక్కన ఆయన పెట్టుకున్న గోంగూర కుండీలు నా బాల్కనీకి వస్తాయి. ఇద్దరికీ ఇక్కడ గజం నేల లేదు. ఎప్పుడో ఒకనాడు వీసా అయిపోతుంది, మొక్కలు ఇక్కడే ఉండిపోతాయి. అప్పుడు నీళ్ళెవరు పోస్తారన్నది మాత్రం ఇద్దరం ఇంకా మాట్లాడుకోలేదు.