వెలి నొప్పి, ప్రార్థన, మందుబిళ్ల



పోయిన నెల క్లాసయ్యాక ఒక అమ్మాయి ఆగిపోయింది. డిప్రెషన్‌కు రెండేళ్లుగా మందులు వాడుతోంది. "మాత్రలు మింగుతున్నావంటే విశ్వాసం లేనట్టే అన్నారు మేడమ్ మా చర్చిలో. మానేశాను. నిద్ర పట్టట్లేదు" అంది. మళ్లీ డాక్టరు దగ్గరికి పంపాను. వెళ్లింది. ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. ప్రార్థన ఒకవైపు, మెదడు ఇంకోవైపు అని గోడ కట్టిందెవరు? మన పెద్దల చరిత్రలో ఆ గోడ ఉందా?

ఒంగోలు ప్రాంతం చూడండి. యర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేసిన మాదిగ. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. అంతకుముందే ఆయన యోగం నేర్చినవాడు. ఆ సంగతిని ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో వచ్చిన 'వైల్ సూయింగ్ శాండల్స్' పుస్తకంలో రాసింది. అంటే మిషనరీ రాకముందే మాదిగ పల్లెలో ధ్యానం ఉంది. పేరయ్య దాన్ని మిషనరీల దగ్గర అరువు తెచ్చుకోలేదు. ఆ సాధనతోనే క్రీస్తు దగ్గరికి నడిచాడు.

తర్వాత 1876-78 నాటి కరువు వచ్చింది. మన పెద్దలు ధాత కరువన్నది దీన్నే. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. అక్కడ మనవాళ్లకు పని దొరికింది, కూలి దొరికింది. కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువుకాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. మళ్లీ మొదలయ్యాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చినవాళ్లు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు నీళ్లలో దిగితే మిగతావాళ్లు అలుపు తీర్చుకునేవారు.

ముందు కూలి, ఆ తర్వాత నీళ్లు. ఈ వరస గుర్తుపెట్టుకోండి. ఊరి చెరువు దగ్గరికి రానివ్వని మనిషిని నదిలోకి చెయ్యి పట్టుకుని దించారు. ముట్టుకోగూడదన్న ఒంటిని ముట్టుకున్నారు.

ఇప్పుడు మెదడు సంగతి. 2003లో నయోమీ ఐసెన్‌బర్గర్ బృందం ఒక ప్రయోగం చేసింది. కంప్యూటర్‌లో బంతాట. కాసేపటికి ఒక మనిషికి బంతి రాకుండా చేస్తారు. అప్పుడతని మెదడులో, ఒంటికి దెబ్బ తగిలితే బాధ తెలిపే భాగాల్లో ఒకటి చురుకైంది. కాసేపటి ఆటలో వెలికే అలా ఉంటే, తరతరాల వెలివాడ సంగతేంటి? బంతాటకూ ఊరికీ పోలిక లేదు, నిజమే. కానీ అవమానం ఒంట్లో దిగుతుందని మన అమ్మమ్మలకు ఏ యంత్రమూ చెప్పక్కర్లేదు.

ఆదివారం వాళ్లు చేసిందేమిటి? గొంతెత్తి కీర్తన పాడారు. దీర్ఘంగా రాగం తీస్తే ఊపిరి నెమ్మదిగా బయటికి పోతుంది. అప్పుడు వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది, భయంతో బిగుసుకున్న ఒళ్లు సడలుతుంది. లేచి సాక్ష్యం చెప్పారు. నోరెత్తొద్దన్న మనిషి మాట పదిమంది విన్నారు. ఒకే రొట్టె విరిచి పంచుకున్నారు. వెలి నొప్పికి ఇది సూటిగా తగిలే మందు. దీనివల్ల దేవుడున్నాడనీ రుజువు కాదు, లేడనీ రుజువు కాదు. ప్రార్థన మెదడున్న మనిషే చేస్తాడని మాత్రం తెలుస్తుంది.

అయితే రెండు హెచ్చరికలు.

ఒకటి, పాటతో ఒళ్లు సడలుతుంది గాని డిప్రెషన్ ముదిరినప్పుడు మందు కావాలి. షుగరుకు మాత్ర వేసుకునే పాస్టరు గారు మనసుకు మాత్ర వద్దనడం ఏ వాక్యం ప్రకారం?

రెండు, "ప్రశాంతంగా ఉండు" అనే బోధ అన్యాయాన్ని ఓర్చుకోమనే బోధగా మారకూడదు. మనవాళ్లు క్రైస్తవులైతే ఎస్సీలు కారని 1950 రాష్ట్రపతి ఉత్తర్వు చెప్పింది. గుండె వేగం తగ్గినంత మాత్రాన ఆ ఉత్తర్వు రద్దు కాదు. దానికి వీధిలోకి రావాలి, కోర్టుకెక్కాలి.

పేరయ్య ధ్యానం, కాలువ కూలి, గుండ్లకమ్మ నీళ్లు, ఈ మూడూ కలిసిందే మన వారసత్వం. హాస్టల్లో మీ పక్క మంచం మీద నిద్రపట్టనివాళ్లు ఉంటే కూర్చోండి, అడగండి, వాళ్లకు కావాలంటే కలిసి ప్రార్థించండి. పొద్దున్నే డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి.

జై భీమ్.