జీపు - దాని రోగనిదానము

1940వ సంవత్సరపు వేసవిలో అమెరికా సైన్యమునకు ఒక చిన్న బండి కావలసి వచ్చినది. ఇంజను బలము నాలుగు చక్రములకును అందవలెనని వారి నిబంధన. 135 కంపెనీలకు కబురు పంపగా బాంటమ్, విల్లీస్ అను రెండు సంస్థలు మాత్రమే ముందుకు వచ్చినవి. బాంటమ్ వారి మొదటి బండి ఆ సెప్టెంబరు 23వ తేదీన మేరీలాండులోని హోలబర్డ్ శిబిరమునకు చేరినది. పిమ్మట విల్లీస్, ఫోర్డు కంపెనీలు యుద్ధము ముగియులోపల ఆరు లక్షలకు పైగా జీపులను తయారు చేసినవి.

ఇది పలువురెరిగిన కథయే. మేము చెప్పదలచినది వేరొకటి. ఇన్ని బండ్లను నడిపినవారిలో పెక్కుమంది మెకానిక్కులు కారు. యుద్ధభూమిలో ఆగిపోయిన బండికి మరమ్మతు దుకాణము దొరకదు. కదలని బండి శత్రువు ఫిరంగికి సులభముగా గురియగును. కావున లోపమును కనుగొను విద్యను డ్రైవరుకే నేర్పవలసి వచ్చినది. 1944 ఫిబ్రవరి నాటి సైనిక కరదీపికలో రోగమునకు లక్షణము, కారణము, చికిత్స విడివిడిగా వ్రాసియున్నవి. విల్ ఐస్నర్ అను చిత్రకారుడు సైన్యపు పత్రికలో జో డోప్ అను మందమతి సిపాయి బొమ్మలు గీచి, చేయరాని పనులను నవ్వించుచు బోధించెను. ఆ సిపాయి మన ఊళ్లలోను లేకపోలేదు!

జీపు జబ్బులలో మిక్కిలి విచిత్రమైనది జబ్బే కాదు. మలుపు తిరుగునప్పుడు ముందు చక్రములు వెనుక వానికంటె ఎక్కువ దూరము నడువవలెను. నాలుగు చక్రముల పట్టు వేసినచో ముందిరుసు, వెనుక ఇరుసు ఒకే వేగమున తిరుగును. బురదలో చక్రము కొంత జారి ఆ తేడా సర్దుకొనును. గట్టి రోడ్డుపై జారుటకు వీలులేక, ఇరుసులకు పోవు షాఫ్టులు మెలివడి, టైర్లు అరిగి, లీవరు ఎంత లాగినను రాదు. గేరుబాక్సు చెడినదని తలచి దానిని విప్పుట వృథా శ్రమ. బండిని కొంచెము వెనుకకు నడిపినచో మెలి వీడి లీవరు తానే వచ్చును.

స్టీరింగు గడగడ వణకుట మరొకటి. మొదట టైర్ల గాలి చూడవలెను. అది సరిగానున్నచో ముందు చక్రమును జాకీపై లేపి, పైనను క్రిందను పట్టుకొని ఊపవలెను. ఊగిసలాట కనబడినచో మరొకరిచేత బ్రేకు త్రొక్కించవలెను. ఊగుట ఆగినచో లోపము చక్రపు బేరింగులోనిది. ఆగనిచో చక్రము మలుపు తిరుగు కింగ్‌పిన్ను బేరింగులోనిది. పైసా ఖర్చు లేని ఇంత చక్కని పరీక్ష వేరొకటి మాకు తెలియదు.

విల్లీస్, ఫోర్డు బండ్ల భాగములు ఒకదానికొకటి సరిపోవునట్లు చేయుట ఈ విద్యకు పెద్ద తోడైనది. ఫోర్డు వారు తమ మరలపై ఎఫ్ అను అక్షరము ముద్రించుకొన్నను, ఆ మర విల్లీసు బండికిని పట్టును. విరిగిన రెండు జీపులనుండి నడుచు జీపు నొకదానిని కూర్చుకొనుటకు వీలు కలిగినది.

1947లో మహీంద్రావారు బొంబాయిలో విల్లీస్ జీపులను కూర్చుట మొదలిడిరి. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము ఆరంభమైన పిదప బ్లాకు అధికారుల జీపు మన పల్లెల చెరువుగట్లపైకిని వచ్చినది. గట్టు దిగి తారురోడ్డు ఎక్కినంతనే ముందిరుసు లీవరును తీసివేయు డ్రైవరు చేతిలో ఆ బండి ఏండ్ల తరబడి నడిచినది. తీయుట మరచిన వాని బండి మాటిమాటికి షెడ్డు చేరినది.